చిన్న కారు, పల్చటి రంగు, విశాఖ తేమ

అసలు కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శకమైన పూత) అన్నీ కలిపినా మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. 1:64 బొమ్మ కారుకి, అంటే అసలు దానిలో 64వ వంతు ఉన్నదానికి, ఇంట్లో కొత్త రంగు వేసేటప్పుడు కూడా అంతే మందం పడిందనుకోండి. 64తో గుణిస్తే 6.4 మి.మీ. అంటే నిజం కారుకి ఒళ్లంతా పావంగుళం లప్పం పూసి వదిలేసినట్టు. డోరు గీతలు పూడిపోతాయి, గ్రిల్లు దువ్వెనలో పిండి ఇరుక్కున్నట్టు తయారవుతుంది, బానెట్ అంచులు వాడిన సబ్బుబిళ్లలా గుండ్రబడతాయి. ఇంట్లో రంగు మార్చిన కారుని మూరెడు దూరం నుంచే పట్టించేసే తప్పు ఇదే. రంగు ఎంపిక కుదరకపోవడం, చక్రాలు నప్పకపోవడం దీని తర్వాతే.

విశాఖలో దీనికి తోడు గాలిలో తడి ఒకటి. పొడిగాలి ఊళ్లలో తీసిన వీడియోలు చూసి అచ్చం అలాగే స్ప్రే కొడితే ఇక్కడ నల్ల కారు బూడిద పూసుకున్నట్టు తేలుతుంది. కారు విప్పడం దగ్గర్నుంచి మళ్లీ బిగించేదాకా వరసగానే చెప్తాను గానీ, మందం, తడి అడ్డొచ్చిన చోటల్లా కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు కారు సంగతి. 1:64 అని అందరం అంటాం గానీ హాట్ వీల్స్ మామూలు కార్లు ఆ కొలతకి కచ్చితంగా ఉండవు. ప్యాకెట్టులో పట్టేలా పెద్ద బండిని కుదిస్తారు, చిన్న బండిని సాగదీస్తారు. జపాన్ బ్రాండు టోమికా అయితే కారు అడుగునే కొలత అచ్చేస్తుంది, ఒక్కో కారుకి ఒక్కోటి. మీ చేతిలో ఉన్నదాని అసలు కొలత తెలియాలంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కాలిపర్‌తో కొలిచి, అసలు కారు వీల్‌బేస్‌ని దానితో భాగించండి. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మి.మీ., మారుతి 800ది 2175. కచ్చితమైన 1:64 అయితే అవి 38.5, 34 మి.మీ. రావాలి. ఈ లెక్క ఇప్పుడే చేసి పెట్టుకోండి. చక్రాలకీ, నంబరు ప్లేటుకీ ఇదే పనికొస్తుంది.

మొదటి ప్రయత్నానికి లోహపు బాడీ, ప్లాస్టిక్ బేసు (అడుగు పలక) ఉన్న చవక కారు తీసుకోండి. అదే కారు రెండు కొంటే ఇంకా మంచిది, ఒకటి పాడు చేసుకోడానికి. కొన్ని మోడళ్లలో బేసు లోహం, బాడీ ప్లాస్టిక్. ప్యాకెట్టు మీద నుంచి తెలియదు గానీ చేత్తో పట్టుకుని బరువు ఎటు తూగుతోందో చూస్తే తెలిసిపోతుంది. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు, రంగు వలిచే మందు బాడీనే తినేస్తుంది.

రివిట్టు విప్పడం

కారు తిరగేస్తే ముందొకటి, వెనకొకటి పుట్టగొడుగు తలల్లా కనిపిస్తాయి. అవి విడి రివిట్లు కావు. బాడీతో పాటే పోత పోసిన స్తంభాలు బేసు కన్నాల్లోంచి బయటికి వచ్చాక వాటి కొసల్ని నొక్కి చదును చేస్తారు. అందుకే స్తంభం పోతే బాడీలో భాగం పోయినట్టే. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది.

సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో ఒక్క చిన్న దెబ్బ వేసి తల నడిమధ్యన గుంట చెయ్యండి. గుంట లేకపోతే గుండ్రటి తల మీద డ్రిల్లు బిట్టు జారి బేసంతా గీసేస్తుంది. తర్వాత నేరుగా పెద్ద బిట్టు పెట్టేస్తారు చాలామంది, అది పొరపాటు. ముందు 1.6 మి.మీ. బిట్టుతో 6 మి.మీ. లోతు కన్నం వెయ్యండి. బిట్టుకి 6 మి.మీ. దగ్గర టేపు చుట్టి ఉంచితే లోతు దాటదు. ముందు స్తంభం నేరుగా బానెట్ కిందికే వెళ్తుంది. ఆశపడి లోతు చేస్తే బానెట్ మీద కన్నం తేలుతుంది. ఈ 1.6 కన్నమే తర్వాత 2 మి.మీ. స్క్రూకి మర తీయడానికి సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు 4 మి.మీ. బిట్టుతో తల మాత్రం కొద్దికొద్దిగా తీయండి. ఒక మిల్లీమీటరు లోపే తల ఉంగరంలా ఊడి బిట్టుకి ఎక్కుతుంది. అక్కడితో ఆపేయాలి.

డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ బేసు కరిగి స్తంభానికి అంటుకుంటుంది. లోహమేమో జింకు, మెత్తగా ఉండి బిట్టు గాడుల్లో ఇరుక్కుపోతుంది, ప్రతి రెండు మూడు క్షణాలకీ బయటికి తీసి దులపాలి. కారుని చేత్తో పట్టుకుని డ్రిల్లు చెయ్యకండి. బిట్టు ఒక్కసారి కరిచిందంటే కారు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. పాత గుడ్డ చుట్టి వైసులో (బల్లకి బిగించే పట్టులో) పెట్టండి, కళ్లజోడు పెట్టుకోండి.

స్తంభం చేయి దాటి తరిగిపోయిందా, బాధ లేదు. ఎమ్‌సీల్ కలిపి అదే ఆకారంలో కట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి మళ్లీ 1.6 కన్నం వెయ్యొచ్చు. పోతలో ఉన్నంత గట్టిదనం రాదు గానీ కారు పట్టుకోవడానికి చాలు.

మర తీసే పని ఇప్పుడే చేసేయాలి. రంగు వేశాక వైసులో పెడితే కష్టమంతా గోకుడుపాలవుతుంది. 2 మి.మీ. ట్యాప్‌కి, అంటే మర కోసే పనిముట్టుకి, ఒక చుక్క నూనె వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లండి. వెనక్కి తిప్పకపోతే పొట్టు ఇరుక్కుని ట్యాప్ లోపలే విరుగుతుంది. విరిగిన ఉక్కు ముక్కని జింకులోంచి తీయడం మన వల్ల కాదు. స్క్రూల కోసం లాప్‌టాప్ రిపేరు షాపుల్లో అడగండి, 2 మి.మీ. పొట్టివి వాళ్ల దగ్గరే ఉంటాయి. దొరికితే స్టీలువి తీసుకోండి, ఉప్పుగాలికి మామూలువి తుప్పు పడతాయి.

రంగు వలవడం

ఈ కార్ల లోహం జమాక్. ఎక్కువ భాగం జింకు, దాదాపు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి. మింది దగ్గర జింకు కరిగించే ఫ్యాక్టరీ నడిచిన ఊరు మనది. ఆ జింకే చేతిలో బొమ్మైంది అనుకుంటే సరదాగా ఉంటుంది గానీ పనికొచ్చే విషయం వేరే: జింకూ అల్యూమినియమూ రెండూ ఆమ్లానికీ లొంగుతాయి, క్షారానికీ లొంగుతాయి. కాస్టిక్ సోడాలో పడేస్తే రంగు ఊడుతుంది నిజమే, బుడగలొస్తూ లోహం కూడా నల్లబడి గుంటలు పడుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్. బాత్రూమ్ యాసిడ్ ఇంకా ఘోరం.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పెయింట్ రిమూవర్ జెల్లీ బ్రష్షుతో రాస్తే పది పదిహేను నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. సాధారణంగా దాంట్లో ఉండేది డైక్లోరోమీథేన్. డాబా మీదో, బాల్కనీలోనో తప్ప గదిలో తెరవకూడదు. మామూలు రబ్బరు గ్లవ్సూ, నీలం నైట్రైల్ గ్లవ్సూ దాన్ని ఆపలేవు, నిమిషాల్లో లోపలికి దిగిపోతుంది. కాబట్టి చెయ్యి తగలకుండా పటకారుతో పట్టుకుని పని చెయ్యండి. తొందర లేనివాళ్లకి అసిటోన్ మేలు. గాజు సీసాలో కారు మునిగేలా పోసి మూత బిగించి రాత్రంతా ఉంచితే చాలా కార్లకి రంగు పెచ్చులుగా ఊడుతుంది. మంటకి దూరంగా ఉంచాలి. రెండింట్లో దేనిలో వేసినా ముందు అద్దాలు, సీట్లు, బంపర్లు తీసేశారో లేదో ఇంకోసారి చూడండి. మరిచిపోయిన అద్దం బంకై తేలుతుంది.

రంగు పోయాక పోత గీతలు బయటపడతాయి, ఎక్కువగా ఫెండర్ల మీదా, పైకప్పు అంచునా. సన్న ఆకురాయితో తీసి, 400 నంబరు వాటర్ పేపరు, తర్వాత 800 తడిపి రుద్దండి. బ్యాడ్జీలు, తలుపు పిడులు ఉన్నచోట రుద్దొద్దు, అవి వెంట్రుక మందమే ఉంటాయి. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. తడి నిలిచిన జింకు మీద తెల్లటి పొడి పూస్తుంది. ఇక్కణ్ణుంచి బాడీని వేళ్లతో ముట్టుకోకూడదు. లోపలి స్తంభానికి పుల్ల గుచ్చి దాంతోనే పట్టుకోవాలి.

తడి లెక్క

స్ప్రే కొట్టగానే రంగులోని థిన్నర్ ఎగిరిపోతూ లోహాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనం గాలిలోని తడి నీరుగా మారే వేడిమి కంటే కిందికి దిగితే, ఆరుతున్న రంగు మీద కంటికి కనపడని మంచు పడుతుంది. అదే తెల్లటి మసక. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీలకే తడి దిగుతుంది, అంటే నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు. అదే తేమ 60 శాతమైతే దాదాపు 21 దాకా దిగాలి. రెండిటికీ మధ్య తేడా ఎంతో చూడండి. ఇరవై శాతం తేమ తగ్గితే మనకి దొరికే వెసులుబాటు రెట్టింపు.

చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పనిముట్టు) కంటే ముందు కొనాల్సింది అదే అంటాను. 65 దాటితే లాకర్ రంగు, అంటే థిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోయే రకం, తీయొద్దు. చల్లగా ఉంటుంది, గాలి లేదు అని తెల్లవారుజామున కొట్టేవాళ్లున్నారు. రోజు మొత్తంలో తేమ ఎక్కువుండేది అప్పుడే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఎక్కాక, పదకొండు నుంచి రెండు మధ్య మంచి సమయం. వేసవిలో పడమటి గాలి తిరిగిన రోజు పొడిగానే ఉంటుంది గానీ, ఆ వేడికి రంగు కారుని చేరేలోపే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. తుపాన్ల కాలం, అక్టోబరు నవంబరు, డ్రిల్లు పనులకీ చక్రాల పనులకీ పెట్టుకోండి.

తప్పనిసరైతే తడిని మోసం చేసే దారులున్నాయి. బాడీని హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడి చేసి అప్పుడు కొట్టండి. స్ప్రే డబ్బాని ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి, మరిగే నీళ్లలో కాదు. 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. థిన్నర్‌లో కొద్దిగా రిటార్డర్ కలిపితే నెమ్మదిగా ఆరుతుంది, చల్లదనం తగ్గుతుంది. మసక పడ్డ తర్వాత కూడా ఆశ ఉంది. పొడిగా ఉన్న రోజు రిటార్డర్ కలిపిన థిన్నర్‌ని ఒక్క పల్చటి మంచులా కొడితే పై పొర మెత్తబడి లోపలి తడి వదిలేస్తుంది, రంగు మళ్లీ తేలుతుంది. కంప్రెసర్ వాడేవాళ్లు గొట్టానికి నీటి ట్రాప్ పెట్టకపోతే, బయట తేమ తక్కువున్నా గొట్టంలోంచే నీటి చుక్కలు ఉమ్ముతుంది.

పోర్టు వైపు, పాతబస్తీ వైపు ఉండేవాళ్లకి నల్ల దుమ్ము ఇంకో తలనొప్పి. పెద్ద అట్టపెట్టె అడ్డంగా పెట్టి, దాని అడుగున తడి గుడ్డ పరిచి అందులో కొట్టండి. కొట్టిన వెంటనే బాడీ మీద మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా బోర్లించేయండి.

రంగు, మందం

ప్రైమర్ మామూలుది సరిపోదు, నున్నటి జింకుకి పట్టదు, గోరుతో గీస్తే పెచ్చు లేస్తుంది. లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. రెండు మంచు పొరలు చాలు, లోహం మెరుపు పోయి బూడిద రంగు తిరగడమే గుర్తు. ఎరుపు, పసుపు వేసేట్టయితే తెల్ల ప్రైమర్ వాడండి. బూడిద మీద ఈ రంగులు నిండాలంటే పొర మీద పొర వేసుకుంటూ పోవాలి, మందం అక్కడే పెరిగిపోతుంది.

ఆటోనగర్‌లో కార్ల టచప్‌కి రంగు కలిపే షాపుల్లో అసలు కారు కోడ్ చెప్పి 100 మి.లీ. కలిపించుకుంటే చాలా కార్లకి వస్తుంది. సాదా రంగులకి ఇంతకంటే మంచి దారి లేదు. మెటాలిక్ మాత్రం కొనేముందు ఆలోచించండి. అసలు కారు మీద మెరిసే ఆ రేణువులు మన కారు మీద 64 రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి, వెండి రంగు కాస్తా పెళ్లిచీర జరీలా అవుతుంది. మోడళ్ల కోసం ప్రత్యేకంగా సన్న రేణువులతో చేసిన రంగులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే నయం.

ఒక నియమం ఎప్పుడూ తప్పొద్దు: ఇళ్ల తలుపులకి వేసే సింథటిక్ ఎనామెల్ మీద ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ వెయ్యకూడదు. లాకర్ థిన్నర్ కింది పొరని ఉబ్బించి కాల్చిన అప్పడంలా చేస్తుంది. తిరగేస్తే, అంటే లాకర్ మీద ఎనామెల్, ఏమీ కాదు.

డబ్బాతో కొట్టేట్టయితే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, కారు బయట మొదలెట్టి కారు దాటాక ఆపాలి, పొరకీ పొరకీ పది నిమిషాలు. మొదటి రెండు పొరలకీ కింది రంగు కనబడుతూనే ఉండాలి. అది చూసి ఓర్చుకోలేక మూడోది దట్టంగా కొట్టడం వల్లే సగం కార్లు పాడవుతాయి. డబ్బా రంగుని స్ట్రా ద్వారా చిన్న సీసాలోకి కొట్టి, మూత వదులుగా పెట్టి కొన్ని గంటలు గ్యాసు పోనిచ్చి, ఎయిర్‌బ్రష్‌లో వాడటం అన్నిటికంటే మంచి పద్ధతి. 0.3 మి.మీ. నాజిల్, 15-20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, రంగు పాలంత పల్చగా, 8-10 సెంటీమీటర్ల దూరం నుంచి.

మందం ఎంత పడిందో ఊహించక్కర్లేదు. ప్రైమర్‌కి ముందు రెండు డోర్ల మధ్య బాడీ వెడల్పు డిజిటల్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. పూర్తిగా ఆరాక అదే చోట మళ్లీ కొలవండి. వచ్చిన తేడాలో సగం ఒక వైపు మందం. 0.05 లోపు ఉంటే గీతలు బతుకుతాయి. 0.1 వచ్చిందంటే ఇంకో మాట లేదు, వలిచి మళ్లీ మొదలు.

మొదట్లో, 1968లో, హాట్ వీల్స్ ఈ సమస్యని ఇంకో దారిలో దాటింది. లోహాన్ని నున్నగా మెరిసేలా చేసి దాని మీద పారదర్శకమైన రంగు వేసేవారు, స్పెక్ట్రాఫ్లేమ్ అని. అందులో మెరుపు లోహానిదే, రంగు పొరది కాదు. ఇంట్లో చెయ్యాలంటే 2000 నంబరు దాకా వాటర్ పేపరు పట్టి, బ్రాసోతో మెరిపించి, జిడ్డంతా పోయేలా కడిగి, పారదర్శక రంగు వెయ్యాలి. చూడ్డానికి అద్భుతం, పట్టు మాత్రం తక్కువ. పిల్లల చేతికిచ్చే కారుకి వద్దు.

క్లియర్ గురించి ఒకే మాట. గట్టిపరిచే రసాయనం కలిపే టూకే క్లియర్ గాజులా వస్తుంది, కానీ అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకి చేటు, ఉబ్బసం తెప్పిస్తాయి, వాసనతో హెచ్చరించవు. అపార్టుమెంటు బాల్కనీలో అది కొట్టే పని కాదు. మామూలు యాక్రిలిక్ క్లియర్ రెండు పొరలు చాలు.

నంబరు ప్లేటు

మన కారు మన ఊరిదిలా కనిపించేది దీంతోనే. పొడుగు ప్లేటు 500 × 120 మి.మీ., 1:64లో 7.8 × 1.9. కార్ల ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మి.మీ., గీత మందం 10. మనకి అవి ఒక మిల్లీమీటరు, 0.16 మిల్లీమీటరు. 600 డీపీఐ లేజర్ ప్రింటరులో ఆ గీత దాదాపు నాలుగు చుక్కల వెడల్పు వస్తుంది, చదవగలిగేలా. 300లో రెండు చుక్కలు, ఏపీ కాస్తా మరకవుతుంది. పాత కారుకి విశాఖ కోడ్ ఏపీ 31 వెయ్యండి. 2019 తర్వాతి కారైతే రాష్ట్రమంతటికీ ఇచ్చిన ఏపీ 39. అంబాసిడర్ ట్యాక్సీ మీద ఏపీ 39 పెడితే తెలిసినవాళ్లు నవ్వుతారు.

ప్రింటరు తెలుపు వెయ్యలేదు కాబట్టి సొంత కారుకి తెల్ల డీకాల్ కాగితం (నీళ్లలో నానబెట్టి అచ్చుని జార్చి అతికించేది), ట్యాక్సీకి దాని మీదే పసుపు అచ్చు. అతికించే చోట ముందు మెరుపు క్లియర్ ఉండాలి. గరుకు రంగు మీద డీకాల్ కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం, తర్వాత కాగితం మీద నుంచి జార్చాలి. కుళాయి నీళ్లు వద్దు, ఉప్పు మరక మిగులుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. వంపుల మీద వంగకపోతే తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి కుంచెతో తాకిస్తే మెత్తబడుతుంది.

చక్రాలు, అద్దాలు, బిగింపు

మారుతి 800 టైరు 145/70 ఆర్ 12, ఎత్తు 508 మి.మీ., అంటే 1:64లో 8 మి.మీ. కూడా లేదు. జిమ్నీది 195/80 ఆర్ 15, 693 మి.మీ., దాదాపు 10.8. ఆన్‌లైన్‌లో అమ్మే రబ్బరు టైర్ల చక్రాలు ఎక్కువగా 10-11 మి.మీ. ఉంటాయి. జిమ్నీకి నప్పిన సెట్టు మారుతికి ట్రాక్టరు టైరులా ఉంటుంది. కొనేముందు పైన చేసుకున్న లెక్క చూడండి.

పాత ఇరుసుని మధ్యలో కోసి, రెండు ముక్కలనీ సన్న ఇత్తడి గొట్టంలో దూర్చి వెడల్పు సరిచూసుకోండి. కోసిన చివరకి పూత ఉండదు, ఉప్పుగాలికి నెలలోపే తుప్పు మొదలవుతుంది, ఒక చుక్క నూనె రాయండి. ఇరుసు దగ్గర ఫెవిక్విక్ వాడకండి. సందుల్లోంచి పాకి చక్రం బిగుసుకుపోతుంది. అద్దాల దగ్గర అసలే వద్దు. దాని ఆవిరి గాలిలోని తడితో కలిసి అద్దం లోపల తెల్ల పొగలా పేరుకుంటుంది, మన ఊళ్లో అయితే మరీను. అద్దాలకి తెల్ల ఫెవికాల్ చాలు, ఆరాక కనపడదు. ఇరుసుకి ఎపాక్సీ.

స్క్రూ రెండు వేళ్లతో తిప్పినంత బిగువు చాలు. ఇంకో పావు చుట్టు ఆశపడితే ప్లాస్టిక్ బేసు కన్నం దగ్గర చీలుతుంది, లేదా జింకులో మర ఊడుతుంది. బిగించాక గాజు పలక మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో చూడండి. ఒకటి లేస్తే ఇరుసు గాడిని ఆకురాయితో ఒక్క లాగు.

దాచేటప్పుడు రబ్బరు టైర్ల కార్లని ప్లాస్టిక్ పెట్టె అడుగున నేరుగా నిలబెట్టకండి. మెత్తటి టైర్లలోని నూనె నెమ్మదిగా ప్లాస్టిక్‌ని కరిగించి అతుక్కుంటుంది. కింద అట్టముక్కో, గాజో వెయ్యండి. పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం ఉంచండి, నారింజ రంగు గింజలది. ఆకుపచ్చగా తిరిగితే తడి పీల్చేసిందని. పాత బాణలిలో సన్న సెగ మీద మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేయించి వాడుకోవచ్చు. నీలం రంగు గింజల్లో ఉండేది కోబాల్టు, అవి దొరికినా కొనకండి. ఏ రంగువైనా, ఆ బాణలిని మళ్లీ వంటకి వాడొద్దు.